మనవడి కంప్యూటరుకు జ్వరం వచ్చినప్పుడు

ఉద్యోగ విరమణ తరువాత నా దగ్గరికి వచ్చే రోగుల సంఖ్య సహజంగానే తగ్గిపోయింది. ఇరుగుపొరుగు వారు బి.పి. చూపించుకోవడానికో, రక్తపరీక్షల కాగితాలు చదివించుకోవడానికో వస్తుంటారు. మొన్నటి మే నెలలో మాత్రం వనపర్తిలోని మా ఇంటి పై గదిలోనే నాకొక క్లిష్టమైన రోగి దొరికాడు. అది మా మనవడి కంప్యూటరు.

వాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో గద్వాలలోని స్నేహితుడి ఫోటో స్టూడియో కోసం పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసి నాలుగు రూపాయలు సంపాదించుకుంటాడు. ఆ పనికి గట్టి కంప్యూటరు కావాలని విడిభాగాలు తెప్పించి తనే బిగించుకున్నాడు. మార్చి దాకా అది బాగానే పనిచేసింది. ఏప్రిల్ చివర నుంచి పని మధ్యలో హఠాత్తుగా ఆగిపోయి, తనంతట తానే మళ్లీ మొదలు కావడం ప్రారంభించింది. కొన్నిసార్లు తెర నీలంగా మారి ఏదో సంకేతం చూపేది. కొన్నిసార్లు ఏ సంకేతమూ ఉండేది కాదు.

వాడు చేసిన చికిత్సలు వింటే నాకు మా ఊళ్లలో జ్వరం వచ్చిన మనిషి తిరిగే తిరుగుడు గుర్తుకొచ్చింది. విండోస్‌ను రెండుసార్లు తుడిచి మళ్లీ ఎక్కించాడు. కొత్త ర్యాము కొన్నాడు. ఒక దుకాణానికి మోసుకుపోతే, వాళ్లు పది నిమిషాలు చూసి బోర్డు పోయిందని, మార్చాలని చెప్పారట. రోగ నిర్ధారణ జరగకముందే మూడు రకాల మందులు పడ్డాయన్న మాట. జబ్బు మాత్రం అలాగే ఉంది.

"ఇది మొదలయ్యే ముందు నువ్వేమైనా మార్చినావా బిడ్డా?" అని అడిగాను.

"ఏం మార్చలే తాతా. కొంచెం ఓవర్‌క్లాక్ చేసిన, అంతే. అది ఫిబ్రవరిలనే చేసిన. అప్పుడు టెస్టు కూడా పాసైంది. మంచిగనే నడిచింది."

'ఏం మార్చలేదు, కొంచెం' అనే మాటను నేను 40 ఏళ్లు విన్నాను. 'ఏం తాగను సార్, కొంచెం', 'ఏ మాత్రలూ వేసుకోను సార్, నొప్పులకు కొంచెం' అనే వాళ్ల దగ్గరే రోగ కారణం చాలాసార్లు దొరికింది. అందుకే కుర్చీ లాక్కుని కూర్చుని, వాడి చేత మొదటి నుంచి చెప్పించుకున్నాను.

ఓవర్‌క్లాకింగ్ అంటే తెలియని పాఠకుల కోసం నేను తెలుసుకున్నంత చెబుతాను. ప్రాసెసర్‌లో ఒక గడియారపు తాళం నిరంతరం కొట్టుకుంటూ ఉంటుంది. మా వాడి ప్రాసెసర్ మామూలు గరిష్ఠ వేగం 4.2 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 420 కోట్ల తాళాలు. వాడు దానిని 4.8కు పెంచాడు. ప్రతి తాళానికీ, తరువాతి తాళానికీ నడుమ లోపలి విద్యుత్ సంకేతాలు తమ ప్రయాణం ముగించి స్థిరపడాలి. వేగం పెంచితే ఆ వ్యవధి తగ్గిపోతుంది. సంకేతం గమ్యం చేరకముందే తాళం పడితే అక్కడ ఒకటికి బదులు సున్నా నమోదు కావచ్చు. అలా జరగకుండా ఉండాలంటే వోల్టేజీ పెంచాలి. అప్పుడు ట్రాన్సిస్టర్లు త్వరగా స్పందిస్తాయి. మా వాడు 1.25 నుంచి 1.38 వోల్టులకు పెంచాడు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ప్రాసెసర్ పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. వేగం 14 శాతం, వోల్టేజీ 10 శాతం పెరిగితే, ఖర్చయ్యే విద్యుత్తు సుమారు 39 శాతం పెరుగుతోంది. ఆ విద్యుత్తంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. 14 పాళ్ల లాభానికి 39 పాళ్ల వేడి.

ఇక ఫిబ్రవరిలో పాసైన పరీక్ష సంగతి. అది రాత్రి పూట, పది నిమిషాలు మాత్రమే చేశాడు. అప్పుడు గదిలో వేడి 22 డిగ్రీలు, ప్రాసెసర్ వేడి 82 డిగ్రీలు. అంటే గది కన్నా 60 డిగ్రీలు ఎక్కువ. గాలితో చల్లబరిచే పరికరం ఏదైనా చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా చేయలేదు. ఈ 60 డిగ్రీల తేడా దాదాపు అలాగే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం స్లాబు కింద ఉన్న మా పై గదిలో థర్మామీటరు 40 చూపింది. దానికి 60 కలిపితే 100. చాలా డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అంచు మీద నడుస్తున్న ప్రాసెసర్ అయితే ఆ హద్దుకు చేరకముందే తడబడవచ్చు. వేడి పెరిగిన కొద్దీ అదే వేగానికి మరికొంత వోల్టేజీ అవసరమవుతుంది. వోల్టేజీ పెంచితే మళ్లీ వేడి. ఇది విషవలయం.

ఆ అంకెలు మా వాడు ఎక్కడో చలిదేశపు కుర్రవాడు చేసిన వీడియో చూసి పెట్టుకున్నవట. అక్కడి అంకెలు పాలమూరు ఎండకు ఎలా సరిపోతాయి? ఒక మనిషికి పడిన మోతాదు ఇంకొకరికి పడాలని లేదు. ఒకే నమూనా ప్రాసెసర్లు రెండు కూడా ఒకేలా ఉండవట. ఒకటి 4.8ను సులభంగా మోస్తుంది, ఇంకొకటి 4.5కే చేతులెత్తేస్తుంది.

సరే, అనుమానం వేడి మీద, వోల్టేజీ మీద బలపడింది. కానీ అనుమానం నిర్ధారణ కాదు. ర్యాము కావచ్చు, విద్యుత్తు సరఫరా చేసే పెట్టె కావచ్చు, డిస్కు కావచ్చు. అందువల్ల ఇద్దరం ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. మా నియమం ఒక్కటే: ఒకసారికి ఒకే మార్పు, ప్రతి మార్పూ తేదీతో, సమయంతో, గది ఉష్ణోగ్రతతో సహా రాయాలి. వార్డులో జ్వరపు చార్టు రాసినట్టే.

మొదట బయోస్‌లో ఉన్న అంకెలన్నిటినీ ఫోనుతో ఫోటో తీసి, అన్నిటినీ తయారీదారు పెట్టిన స్థితికి మార్చాం. ర్యాము వేగాన్ని కూడా మామూలుకు తెచ్చాం, ఎందుకంటే చాలామంది మరచిపోయే విషయం, ర్యాముకు ఇచ్చే ఎక్స్ఎంపీ అనే అమరిక కూడా ఒక రకం ఓవర్‌క్లాకింగే. రోగి వేసుకుంటున్న మందులన్నీ ఆపి చూడడం వంటిది ఇది. ఈ స్థితిలో కూడా యంత్రం పడిపోతే దోషం ఏదో భాగంలో ఉన్నట్టు. పడిపోకపోతే దోషం మనం చేసిన మార్పులో ఉన్నట్టు. మిట్టమధ్యాహ్నం ఆరు గంటలపాటు పూర్తి భారం వేసి నడిపించాం. పడిపోలేదు. రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే ర్యాము పరీక్ష నడిపాం. ఒక్క తప్పూ రాలేదు. పోయిందన్న బోర్డు నిక్షేపంగా ఉంది. కొత్త ర్యాముకు పెట్టిన డబ్బు వృథా.

తరువాత విద్యుత్తు పూర్తిగా తీసివేసి పెట్టె విప్పాం. చల్లబరిచే ఫ్యాను రెక్కల వెనుక దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. దానిని బ్రష్‌తో దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాం. అంతమాత్రానికే అదే గదిలో, అదే భారానికి 7 డిగ్రీలు తగ్గింది.

ఆ పైన వాడు కోరినట్టు మళ్లీ వేగం పెంచడం మొదలుపెట్టాం. ఈసారి వోల్టేజీ ముట్టుకోలేదు. 100 మెగాహెర్ట్జ్ పెంచడం, మధ్యాహ్నం వేడిలో మూడు గంటలు పరీక్షించడం, రాసుకోవడం. 4.3 నిలిచింది. 4.4 నిలిచింది. 4.5 కూడా పడిపోలేదు. "ఇది కూడా పాసైంది తాతా!" అని వాడు లేవబోయాడు. కానీ విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే చిట్టా ఒకటి ఉంటుంది. అందులో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ పేరుతో రెండు నమోదులు కనిపించాయి. ప్రాసెసర్‌లో తప్పు జరిగింది, అది సరిదిద్దబడింది అని వాటి అర్థం. పైకి అంతా బాగున్నట్టే ఉంది, లోపల మాత్రం తప్పులు మొదలయ్యాయి. అందుకే 4.4 దగ్గర ఆగిపోయాం.

దీని వల్ల వాడు పోగొట్టుకున్నది ఎంత? 4.8లో గంట పట్టే పని 4.4లో 65 నిమిషాలకు కొంచెం పైన పడుతుంది. ఆ అయిదు నిమిషాల కోసం నెల రోజుల నిద్ర పోయింది.

కథ ఇక్కడితో ముగిస్తే ఇది కంప్యూటరు పత్రికలో రావలసిన వ్యాసం అవుతుంది. నేను కలం పట్టింది ఆ తరువాత జరిగిన దాని కోసం.

యంత్రం బాగుపడిన రెండో రోజు వాడు ముఖం పాలిపోయి కిందికి వచ్చాడు. గద్వాలలో జరిగిన ఒక పెళ్లి వీడియోలో, సరిగ్గా తలంబ్రాల దగ్గర, బొమ్మ ఆకుపచ్చ గళ్లుగా విరిగిపోయి ఉంది. కెమెరా కార్డుల నుంచి దృశ్యాలను కంప్యూటరులోకి ఎక్కించింది ఏప్రిల్ చివరలో, అంటే జబ్బు ముదిరిన రోజుల్లో. ఆ సమయంలో కంప్యూటరు ఆగలేదు, నీలి తెర చూపలేదు. కాపీ పూర్తయిందని చెప్పింది. చెప్పింది అబద్ధం. స్నేహితుడికి ఫోను చేస్తే, అదృష్టవశాత్తు కార్డులు ఇంకా తుడవలేదన్నాడు. వాటిని తెప్పించి, చెక్‌సమ్ అనే పద్ధతితో ఫైలుకు ఫైలు సరిచూస్తే 212 ఫైళ్లలో మూడు తేడాగా ఉన్నాయి. ఇంకో వారం ఆలస్యమైతే ఆ కార్డుల మీద ఇంకొకరి పెళ్లి ఎక్కేది. ఆ తలంబ్రాలు మళ్లీ ఎవరు పోస్తారు?

ఇది మా వాడి గదికే పరిమితమైన విషయం కాదు. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ సర్వర్లలో కనిపెట్టిన ఇటువంటి తప్పును ప్రచురించారు. 1.1ను 53వ ఘాతానికి హెచ్చిస్తే పూర్ణాంక భాగం 156 రావాలి. లోపమున్న ఒక ప్రాసెసర్ కోర్ మాత్రం సున్నా అని చెప్పింది. దాని వల్ల కొన్ని ఫైళ్ల పరిమాణం సున్నాగా లెక్కకు వచ్చి, అవి కనబడకుండా పోయాయి. ఆ యంత్రం ఆగిపోలేదు, ఫిర్యాదు చేయలేదు. ఇటువంటి తప్పులను వాళ్లు నిశ్శబ్ద దోషాలు అంటారు.

ఆ మాట విన్నప్పుడు నాకు ఒక రాత్రి గుర్తుకొచ్చింది. దానిని ఇన్నేళ్లలో ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. నాగర్‌కర్నూల్ ప్రాంతంలో ఒక చిన్న ఆసుపత్రి. వేసవిలో చుట్టుపక్కల పల్లెల్లో అతిసారం పాకింది. మంచాలు చాలక వరండాలో చాపలు వేసి సెలైన్లు ఎక్కిస్తున్నాం. రెండో డాక్టరు సెలవులో ఉన్నాడు. నేను 30 గంటలకు పైగా కంటి మీద కునుకు లేకుండా పనిచేశాను. ఆ పని చూసి నాకే గర్వంగా ఉండేది. టీ మీద టీ తాగుతున్నాను. నిద్ర వస్తున్నట్టు కూడా అనిపించలేదు. మెదడు మామూలు కన్నా చురుకుగా ఉన్నట్టే తోచింది.

తెల్లవారుజామున నాలుగేళ్ల పాపను ఆయాసంతో తీసుకొచ్చారు. బరువును బట్టి మోతాదు లెక్క కట్టి ఇంజెక్షన్ రాశాను. నర్సమ్మ ఆ కాగితం చేతిలో పట్టుకుని, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"సార్, జర ఒక్కసారి మళ్ల చూడుండ్రి. గింత చిన్న పిల్లకు గింత మందా?" అంది.

నాకు కోపం వచ్చింది. కాగితం తీసుకుని చూశాను. రెండోసారి చూసినా అది నాకు సరిగ్గానే కనిపించింది. మూడోసారి వేలితో అంకెలు తడుముతూ చదివినప్పుడు తెలిసింది, దశాంశ బిందువు ఒక స్థానం జరిగి ఉంది. మందు పదింతలు రాశాను. ఆ పాప ఆ రోజు సాయంత్రానికి అమ్మ ఒళ్లో కూర్చుని అరటిపండు తిన్నది. దానికి కారణం నా చదువు కాదు, ఆ నర్సమ్మ అనుమానం.

నేను ఆ రాత్రి సొమ్మసిల్లి పడిపోయి ఉంటే ప్రమాదం తక్కువగా ఉండేది. ఇంకొకరిని పిలిచేవారు. నేను పడిపోలేదు, పనిచేస్తూనే ఉన్నాను, తప్పు లెక్క చెప్పాను, అది తప్పని నాకే తెలియలేదు. నిద్ర చాలని మెదడు చేసే అసలు హాని ఇదే. తన పనితనం ఎంత తగ్గిందో అంచనా వేసే శక్తి కూడా దానితో పాటే తగ్గిపోతుంది.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు 'నేచర్' పత్రికలో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. 17 గంటలు వరుసగా మేల్కొని ఉన్నవారి చేతి, కంటి సమన్వయం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానంగా పడిపోయింది. 24 గంటలకు అది సుమారు 0.10 శాతం మద్యంతో సమానమైంది. మన దేశంలో వాహనం నడిపేవారికి మోటారు వాహనాల చట్టం పెట్టిన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఉదయం ఆరింటికి లేచి రాత్రి పదకొండు దాటాక బండి తీసే మనిషి చుక్క తాగకపోయినా ఆ గీతను దాటినట్టే. అతడిని పట్టుకునే యంత్రం మాత్రం ఏ పోలీసు చేతిలోనూ లేదు.

ఇక మా మనవడు. యంత్రం చార్టు రాస్తున్న నోటు పుస్తకంలోనే, వాడికి తెలియకుండా, నేను వాడి చార్టు కూడా రాశాను. పడుకునేది తెల్లవారుజాము మూడింటికి, అమ్మ లేపేది ఏడింటికి. రోజుకు రెండు ఎనర్జీ డ్రింకులు, నాలుగు కాఫీలు. తలనొప్పి, గుండె దడ, చిరాకు. అడిగితే "ఎండలకు తాతా" అనేవాడు.

కాఫీలోని కెఫీన్ అలసటను తీయదు. మేల్కొని ఉన్న కొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్ర మత్తు తెస్తుంది. కెఫీన్ దాని గ్రాహకాలను అడ్డుకుంటుంది. అలసట ఉన్నచోటే ఉంటుంది, దాని గంట మాత్రం మోగదు. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఏడింటికి తాగిన దానిలో సగం అర్ధరాత్రి కూడా రక్తంలోనే ఉంటుంది. అందువల్ల నిద్ర పాడవుతుంది, మర్నాడు ఇంకొంచెం కాఫీ కావాలి. వోల్టేజీ పెంచడం, వేడి పెరగడం, మళ్లీ వోల్టేజీ పెంచడం వంటిదే ఇది.

పాడైన మూడు ఫైళ్లు సరిచేయడానికి వాడు మరో రాత్రంతా కూర్చున్నాడు. తెల్లవారగానే డిస్కు జేబులో పెట్టుకుని, గద్వాలకు బండి మీద పోతానని తాళం చెవులు తీసుకున్నాడు. పెబ్బేరు దాటి జాతీయ రహదారి ఎక్కాలి, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటాలి, లారీల మధ్య ఎర్రవల్లి చౌరస్తా దాకా పోవాలి. నేను గుమ్మంలో నిలబడి తాళం చెవులు అడిగాను.

"నాకు నిద్ర వస్తలేదు తాతా, మంచిగనే ఉన్న."

"4.5 దగ్గర కంప్యూటరు కూడా మంచిగనే ఉండె కద బిడ్డా," అన్నాను.

వాడు కాసేపు నా వైపు చూసి, మారు మాట్లాడకుండా తాళం చెవులు నా చేతిలో పెట్టి, బస్టాండుకు నడిచాడు. సాయంత్రం వచ్చి చెప్పాడు. బస్సు వనపర్తి దాటింది కూడా వాడికి గుర్తులేదట. కృష్ణ వంతెన ఎప్పుడు దాటాడో తెలియదు. గద్వాల బస్టాండులో అందరూ దిగిపోయాక కండక్టరు భుజం పట్టి ఊపితే మెలకువ వచ్చిందట. ఆ మాట చెప్పి వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గంటన్నర వాడు బండి హ్యాండిల్ పట్టుకుని ఉండేవాడు.

2024లో ఇంటెల్ సంస్థ తన 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటి అస్థిరతకు అధిక వోల్టేజీ కారణమని ప్రకటించి, సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ కొత్త హానిని నివారిస్తుంది గాని, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బాగుచేయదు. అటువంటి దానిని మార్చుకోవలసిందే. మనకు మార్చుకునే సౌకర్యం లేదు. ఏళ్ల తరబడి నిద్ర తగ్గించుకున్న వారిలో రక్తపోటు, మధుమేహం ఎక్కువగా కనిపిస్తాయి. వాటికి మందులున్నాయి, కానీ జరిగిన నష్టమంతా మందులతో వెనక్కి రాదు.

పెద్దలకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర, 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు అవసరం. మధ్యాహ్నం దాటాక కాఫీ, ఎనర్జీ డ్రింకులు మానండి. రాత్రంతా మేల్కొన్న మనిషి చేతికి బండి తాళాలు ఇవ్వకండి, అతడు తాను బాగానే ఉన్నానని ఎంత గట్టిగా చెప్పినా సరే. రాత్రి డ్యూటీ చేసే నర్సులు, డ్రైవర్లు, పరీక్షలకు చదివే పిల్లలు ముఖ్యమైన లెక్క ఏదైనా ఉంటే రెండో మనిషికి చూపించండి. ఆ రెండో మనిషి అనుమానపడితే కోప్పడకండి. గురక ఎక్కువగా ఉండి, నిద్రపోయినా పగలంతా మత్తుగా ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, డాక్టరును కలవండి.

మా పై గదిలో కంప్యూటరు ఇప్పుడు 4.4 దగ్గర నడుస్తోంది. నోటు పుస్తకం చివరి పేజీలో మా వాడు తన చేతితోనే ఒక పట్టిక గీశాడు. ఒక గడిలో గది ఉష్ణోగ్రత, ఇంకో గడిలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత, మూడో గడిలో తాను పడుకున్న సమయం. నిన్న రాత్రిది చూశాను. పదకొండున్నర అని రాసి ఉంది.